ఇరవై నాలుగో సొరుగు

బైండింగ్ షాపు, మేడమీద గది
అక్టోబరు 3

చెల్లీ,

మూడేళ్ళు ఆగమన్నావు. "పాప నాకు అలవాటు పడేదాకా నువ్వు రాకక్కా, ఏమీ పంపకక్కా" అన్నావు. ఆగాను. మొన్నటితో మూడేళ్ళూ నిండాయి. గోడమీద గీతలు గీసుకుంటూ కూర్చోలేదులే, కంగారు పడకు. మనసులోనే గీసుకున్నాను.

ఇంతకీ అడగాలనుకున్నది ఇది. ఈ ఏడు బుడంకాయకి క్రిస్మస్ పెట్టె చేసి పంపనా? నా దగ్గర పెరిగినన్నాళ్ళూ ఏటా చేసేదాన్ని కదా, అట్టతో ఇల్లు, దానికి ఇరవై నాలుగు సొరుగులు. డిసెంబరు ఒకటో తారీఖు నుంచి పండగ ముందురోజు దాకా పొద్దున్నే ఒక్కో సొరుగు లాగేది. రెండోది కూడా లాగుతానని పేచీ పెట్టేది. నేను అదిలించేదాన్ని. అదిలిస్తే ఏడవకుండా, ఆ సొరుగుకే ముద్దు పెట్టి "రేపు వస్తా" అని చెప్పి వెళ్ళేది.

పంపనా అని అడుగుతున్నానే గానీ, నిజం చెప్పాలంటే మొదలుపెట్టేశాను. మోచేయంత ఎత్తు ఇల్లు. అగ్గిపెట్టెలు షాపులో అందరినీ అడిగి పోగుచేశాను. మూడు నిలువు వరసలు, వరసకి ఎనిమిది. కప్పు కోసం ముడతల అట్ట తీసుకుని, పై కాగితం తడిపి ఒలిచేస్తే లోపలి ముడతలు అచ్చం పెంకుల్లా వచ్చాయి. కిటికీలకి పల్చటి పసుపు కాగితం అంటించాను. వెనకాల దీపం పెడితే లోపల ఎవరో ఉన్నట్టుంటుంది. ఒక్కో పొర అంటించాక ఒక రోజంతా బరువు కింద ఉంచాలి, లేకపోతే అట్ట అప్పడంలా లేస్తుంది. అందుకే అక్టోబరులోనే మొదలుపెట్టాల్సి వచ్చింది. నా తొందర కాదు, జిగురు తొందర.

మా మేస్త్రీ చూసి, "లైబ్రరీ పుస్తకాలకి ఏనాడైనా ఇంత ముద్దు చేశావా?" అన్నాడు. లైబ్రరీ పుస్తకాలు నన్ను పెద్దమ్మా అని పిలవవు కదా అన్నాను. ఇంకో రెండు అగ్గిపెట్టెలు నా బల్లమీద పడేసి వెళ్ళాడు.

షాపు జిగురులో పురుగు పట్టకుండా మైలుతుత్తం కలుపుతాం. ఈ పెట్టెకి కలపలేదు. విడిగా మైదా ఉడకబెట్టుకున్నాను. బుడంకాయ వేళ్ళు నాకుతుందిగా.

ఊఁ అను. ఒక్క ముక్క రాస్తే చాలు.

మీ అక్క


ఆసుపత్రి క్వార్టర్లు, రెండో అంతస్తు
అక్టోబరు 20

అక్కకి,

ఉత్తరం అందింది. ఆలస్యానికి ఏమీ అనుకోకు. దుప్పట్ల గది ఇప్పుడు నా చేతికిందకి వచ్చింది. రోజుకి ఆరువందల దుప్పట్లు లెక్కపెట్టి లోపలికి తీసుకుని, ఆరువందలు లెక్కపెట్టి బయటికి పంపాలి. ఇంటికొచ్చాక కూడా చేతులు దేన్నో మడతపెడుతూనే ఉంటాయి.

పెట్టె మొదలుపెట్టేశానన్నావు కాబట్టి వద్దనడానికి లేదు. నువ్వెప్పుడూ ఇంతే, ఒక చేత్తో అడుగుతావు, రెండో చేత్తో చేసేస్తావు.

పాప బాగుంది. ఎనిమిదిన్నరేళ్ళు. నా భుజం దాకా వచ్చింది. మూడో తరగతిలో లెక్కల్లో తనే ముందు. దాన్ని బుడంకాయ అనకు, ఎవరైనా వింటే నామర్దా అంటుంది. నేను పాపా అంటేనే మూతి ముడుస్తోంది. వేళ్ళు నాకడం ఎప్పుడో మానేసింది.

మా ఇల్లు చిన్నది. పెట్టె మరీ పెద్దది చెయ్యకు.

చెల్లి


బైండింగ్ షాపు, మేడమీద గది
నవంబరు 14

చెల్లీ,

పెట్టె ఈరోజు పంపించాను. చుట్టూ పాత కాగితాలు కుక్కి, దానిమీద అట్ట, దానిమీద గుడ్డ, దానిమీద తాడు. విప్పడానికే పండగ అయిపోతుందని మేస్త్రీ దెప్పాడు. దెప్పనీ.

నువ్వు చెప్పావని సొరుగులమీద అంకెలు పెద్దగా వెయ్యలేదు. చిన్నపిల్లల వ్యవహారంలా ఉండకూడదని సన్నగా, నల్లసిరాతో రాశాను. ఒక్కో సొరుగుకీ ముందు సన్నటి కాగితం పట్టీ అంటించాను, లాగితే చిరుగుతుంది. లాగడానికి దారం ముడి ఉంది. పుస్తకాలు కుట్టే దారమే, ఏనుగు లాగినా తెగదు. వెనకవైపంతా ఒకే కాగితం అంటించేశాను, నీలం రంగు నీళ్ళలో అద్దిన కాగితం. ఒక పెద్ద పుస్తకానికి లోపలి అట్టకోసం తీస్తే మిగిలిపోయింది. షాపులో అంతకంటే అందమైన కాగితం లేదు.

తినేవి ఏమీ పెట్టలేదు. పుస్తకాల గది కదా, తీపి కనిపిస్తే చీమలు ఊరేగింపు కడతాయి. సొరుగుకి ఒక చీటీ పెట్టాను. పాప నా దగ్గరున్నప్పటి సంగతులు, రోజుకొకటి. ఒక రోజు జిగురు గిన్నెలో చెయ్యి పెట్టి, ఆ చెయ్యి తలకి రాసుకుని, జుట్టు అంటుకుపోయి ఎలా ఉందో. ఇంకో రోజు కాగితాలు కోసే పెద్ద మిషన్‌ని తాత అని పిలిచి దండం పెట్టడం. ఇంకా చాలా ఉన్నాయి. ఇరవై నాలుగింటికి కుదించడానికి నా ప్రాణం పోయింది.

ఇరవై నాలుగో సొరుగులో చీటీ మాత్రం మడిచి అంటించాను. అది దానికే. నువ్వు చూడకు. ఏమీ లేదు, పెద్దమ్మ, కూతురు మాట.

రోజుకి ఒకటే తెరవనివ్వు. పేచీ పెడుతుంది. నీకు అదిలించడం చేతకాకపోతే నన్ను తలుచుకో.

మీ అక్క


ఆసుపత్రి క్వార్టర్లు, రెండో అంతస్తు
డిసెంబరు 9

అక్కకి,

పెట్టె భద్రంగా వచ్చింది. తాడు విప్పడానికి పక్కింటావిడని పిలవాల్సి వచ్చింది. కిటికీ దగ్గర బల్లమీద పెట్టాం. చాలా బాగుంది. మా ఆసుపత్రిలో ఇద్దరు నర్సులు చూసి, కొన్నదేమో అనుకున్నారు.

పాప పొద్దున్నే పళ్ళు కూడా తోముకోకుండా సొరుగు దగ్గరికే పరిగెడుతోంది. చీటీలు చదువుతోంది. సంతోషంగా ఉంది.

దాన్ని నీకు ఉత్తరం రాయమన్నాను. రాసింది. ఇందులో పెడుతున్నాను. నాకు డ్యూటీకి టైమైంది.

చెల్లి

(గీతల కాగితంమీద, పెన్సిలుతో)

పెద్దమ్మ గారికి నమస్కారం. మీరు పంపిన ఇల్లు చాలా బాగుంది. నా స్నేహితురాళ్ళకి చూపించాను. వాళ్ళందరికీ కావాలంట. రోజూ పొద్దున్న ఒక చాక్లెట్ తింటున్నాను. ఎర్ర కాగితంలోవి నాకు ఎక్కువ ఇష్టం. మీరు ఆరోగ్యంగా ఉన్నారా. ఇట్లు, మీ చెల్లెలి గారి అమ్మాయి.


బైండింగ్ షాపు, మేడమీద గది
డిసెంబరు 15

చెల్లీ,

నీ ఉత్తరం, పాప ఉత్తరం రెండూ అందాయి. దాని చేతిరాత గుండ్రంగా ఉంది. నీది గీతలు గీతలు, నాది కోడి కెలికినట్టు, దీనికి ఎక్కడినుంచి వచ్చిందో. నన్ను మీరు అని రాసింది. బళ్ళో నేర్పి ఉంటారు.

నాలుగో సొరుగు చీటీ చదివి ఏమంది? ఏడోది చదివి నవ్విందా? తొమ్మిదోది చదివితే నిన్ను ఏదో ఒకటి అడిగే ఉండాలి, అది అడక్కుండా ఉండే పిల్ల కాదు. ఏం అడిగిందో కాస్త రాయి.

దానికి చాక్లెట్లంటే ఇష్టమని నాకు తెలీదు. నా దగ్గరున్నప్పుడు తీపి ముట్టేది కాదు.

నువ్వు రాస్తావని చూస్తాను.

అక్క


ఆసుపత్రి క్వార్టర్లు
డిసెంబరు 22

అక్కా,

తెలిసీ తెలియనట్టు అడగడం నీకు చిన్నప్పటి నుంచీ అలవాటే. నేరుగా తిడితే పోయేది కదా. దాని ఉత్తరం నేను చదవకుండానే కవర్లో పెట్టాను. చదివి ఉంటే నీకు ఈ శ్రమ ఉండేది కాదు.

అవును. చీటీలు తీసేశాను. పెట్టె వచ్చిన రోజు పాప బళ్ళో ఉంది. నువ్వు చూడకు అని రాయకపోతే చూసేదాన్ని కాదేమో. ముందునుంచి తెరిస్తే తెలిసిపోతుందని వెనక నీలం కాగితం ఒక అంచున ఆవిరి పట్టి లేపాను. దుప్పట్ల గదిలో పనిచేసేదానికి ఆవిరితో ఏం చెయ్యొచ్చో తెలుసు. ఇరవై మూడు చీటీలూ చదివాను. ఒక్కోటీ చదువుతుంటే, నువ్వు నా ఎదురుగా కూర్చుని "ఇది నీకు తెలీదు, ఇది కూడా నీకు తెలీదు" అంటున్నట్టే ఉంది.

తర్వాత ఇరవై నాలుగోది విప్పాను.

"బుడంకాయా, నీ మంచం, నీ గళ్ళ దుప్పటి అలాగే ఉన్నాయి. నీకు ఇక్కడికి రావాలనిపిస్తే అమ్మకి చెప్పక్కర్లేదు. నాకు ఒక్క ముక్క రాయి. నేనే వచ్చి తీసుకెళ్తాను."

అమ్మకి చెప్పక్కర్లేదా? ఎనిమిదేళ్ళ పిల్లకి రాసే మాటేనా అక్కా ఇది?

ఆయన పోయినప్పుడు దానికి పది నెలలు. నాకు దొరికిన పని ఒక్కటే, ఆసుపత్రి లాండ్రీలో. అక్కడి హాస్టల్లో పిల్లల్ని ఉండనివ్వరు, వచ్చి చూసుకోవడానికి సెలవులూ ఇవ్వరు. నువ్వు తీసుకున్నావు. దానికి నీ కాళ్ళు కడిగి నెత్తిన చల్లుకున్నా తక్కువే, ఆ మాట ఎప్పుడూ అన్నాను, ఇప్పుడూ అంటాను. కానీ నేను దాన్ని నీకు ఇచ్చెయ్యలేదు. నీ దగ్గర ఉంచాను. దాన్ని తెచ్చుకున్న మొదటి ఏడాది అది నన్ను ఆంటీ అంది. నా పక్కన పడుకోకుండా తలుపు దగ్గర పడుకునేది. నన్ను అమ్మా అని పిలవడానికి పద్నాలుగు నెలలు పట్టింది. అదీ జ్వరంలో. ఆ ఒక్క పిలుపు కోసం నేను ఎంత ఎదురుచూశానో నీకు తెలీదు, ఎందుకంటే నీకు అది ఊరికే వచ్చింది.

సొరుగుల్లో చాక్లెట్లు పెట్టాను. మళ్ళీ అంటించాను. నా బతుక్కి అంతకంటే ఏం తోచలేదు.

ఇకముందు దానికి ఏమీ పంపకు.

చెల్లి


బైండింగ్ షాపు, మేడమీద గది
జనవరి 6

చెల్లీ,

పండగ రోజు రాద్దామని కూర్చుని రాయలేకపోయాను. ఆ తర్వాత రోజూ కూర్చున్నాను.

ఇరవై మూడు చీటీలు రెండు సాయంత్రాల్లో రాసేశాను. ఇరవై నాలుగోదానికి వారం పట్టింది. ఏదో ఆవేశంలో రాశానంటే నువ్వు నమ్మేస్తావు, నువ్వు అంత మంచిదానివి. కానీ ఆవేశం కాదు. మొదట "నిన్ను తలుచుకుంటున్నాను" అని రాశాను. అది చాలనిపించలేదు. చించేసి "ఎప్పుడైనా అమ్మతో కలిసి రా" అని రాశాను. అదీ చించేశాను. మూడోసారి రాసింది నువ్వు చదివావు. ఏం రాస్తున్నానో తెలిసే రాశాను. తెలిసే మడిచాను, తెలిసే అంటించాను. దానిమీద ఒక రాత్రంతా బరువు కూడా పెట్టాను.

తప్పు. తప్పున్నర. మన్నించమని అడిగే ముఖం లేదు, అయినా అడుగుతున్నాను.

నీ చేత్తో దాన్ని నా ఒళ్ళోంచి తీసుకున్న రోజు, అది నా చీర కొంగు పట్టుకుని వదల్లేదు. నువ్వు ఒక్కో వేలూ విప్పావు. నాకు నీమీద కోపం రాలేదు. ఇంటికి తిరిగొచ్చి కూర్చున్నాక, ఎదురుగా దాని చిన్న చెప్పులు చూశాక వచ్చింది. అప్పటినుంచి దాన్ని పెంచుకుంటూనే ఉన్నాను, ఆ కోపాన్ని. పిల్ల లేదు కదా, పెంచడానికి ఏదో ఒకటి కావాలి.

నువ్వు పంపకన్నావు, పంపను. ఆ చీటీలు కాల్చెయ్. నీ చేత్తోనే కాల్చెయ్.

అక్క


ఆసుపత్రి క్వార్టర్లు
మార్చి 11

అక్కా,

కాల్చలేదు. పొయ్యి దాకా తీసుకెళ్ళాను. నీ కోడి కెలుకుడు చూసి చెయ్యి రాలేదు.

ఫిబ్రవరిలో ఒక ఆదివారం పాపకి నిజం చెప్పేశాను. "పెద్దమ్మ నీకు చీటీలు పంపింది, నేను తీసి దాచాను" అన్నాను. "ఎందుకు?" అంది. "నాకు ఈర్ష్య వేసింది" అన్నాను. ఈర్ష్య అంటే ఏమిటో దానికి బాగా తెలుసు, బళ్ళో పక్క బెంచీ పిల్లకి కొత్త సంచీ ఉంది. "అవునా, సరే" అని చెయ్యి చాపింది. అంతే. నేను మూడు నెలలు కడుపులో పెట్టుకుని తిరిగిన దానికి అది ఇచ్చిన శిక్ష ఇంతే.

పండగ అయిపోయినా, పెట్టె మళ్ళీ బల్లమీద పెట్టి, రోజుకొకటి చొప్పున సొరుగులో పెట్టాను. నువ్వు చెప్పినట్టే. ఇరవై మూడు రోజులు.

జిగురు జుట్టు చీటీ చదివి పడీ పడీ నవ్వింది. కాగితాల మిషన్‌ని తాతా అన్న చీటీ వచ్చినప్పుడు దాన్ని రెండుసార్లు చదివి, "ఆ పాప భలే అల్లరిది కదమ్మా!" అంది.

నాకు ఒక్క క్షణం అర్థం కాలేదు. "ఏ పాప?" అన్నాను. "ఈ కథలో పాప" అంది. "అది నువ్వే కదే" అంటే, "తెలుసు, కానీ నాకు గుర్తులేదుగా" అంది. ఒక్కటీ గుర్తులేదు అక్కా. నీ ముఖం గుర్తుంది, జిగురు వాసన గుర్తుంది, ఎత్తైన మెట్లు గుర్తున్నాయి. ఇంకేమీ లేవు. ప్రతిరోజూ కథల పుస్తకం చదివినట్టే చదివింది.

నేను గెలిచినట్టే కదా. అది నిన్ను మర్చిపోవాలనే కదా మూడేళ్ళు ఆగమన్నది. కుళాయి తిప్పి, ఆ చప్పుడులో బాత్రూములో నిలబడి ఏడ్చాను. అది మర్చిపోయింది నిన్నొక్కదాన్నే కాదు, అదే నడిచిన మొదటి అడుగుని, అదే పలికిన మొదటి మాటని. అవి నీ దగ్గర ఉన్నాయి. నా దగ్గర లేవు, దాని దగ్గర లేవు. నేను చూసి ఉండాల్సినవి, చూడలేదు. చూసినదాని నోరు మూయించాను.

ఇరవై నాలుగో చీటీ ఇవ్వలేదు. అది మాత్రం అడక్కు.

నా ఆదివారం ఉత్తరాలు కూడా దానికి గుర్తులేవు. బొత్తాల రాణి కథ అన్ని వారాలు రాశాను కదా, లాండ్రీలో ఊడిన బొత్తాలన్నీ కలిసి రాజ్యం ఏర్పాటు చేసుకోవడం. నువ్వు చదివి వినిపిస్తుంటే ఎగిరి గంతులేసేదని, నవ్వి నవ్వి పొట్ట పట్టుకునేదని రాసేదానివి. మొన్న ఆ మాట ఎత్తితే, "బొత్తాలకి రాణేమిటమ్మా?" అని వింతగా చూసింది. చిన్నపిల్లలు అన్నీ మర్చిపోతారు కాబోలు.

ఒక సాయం చెయ్యి. దానికోసం కాదు, నాకోసం. దాని పది నెలల నుంచి ఐదున్నరేళ్ళ దాకా ఏం జరిగిందో నాకు రాయి. చిన్నవి, పెద్దవి, అన్నీ. ఈసారి ఈర్ష్య పడను. పడ్డా చదువుతాను.

చెల్లి


బైండింగ్ షాపు, మేడమీద గది
మార్చి 27

చెల్లీ,

నువ్వు అడిగినవన్నీ రాస్తాను. కూర్చుంటే పుస్తకమవుతుంది. కానీ దానికి ముందు ఇంకొకటి రాయాలి. ఇది చదివిన తర్వాత ఆ పుస్తకం నీకు కావాలో వద్దో నువ్వే చెప్పు.

అది నీ ఉత్తరాలు మర్చిపోలేదు. వినలేదు.

మొదట్లో చదివాను. దానికి రెండున్నరేళ్ళు వచ్చాక ఒక ఆదివారం నీ ఉత్తరం చదివి, "ఇది అమ్మ రాసింది" అన్నాను. తలుపు దగ్గరికి వెళ్ళి నిలబడింది. అమ్మ వస్తుందనుకుంది. అన్నం తినలేదు, రెండు రోజులు గుక్కపట్టి ఏడ్చింది. తర్వాతి వారం మళ్ళీ చదివాను, మళ్ళీ అంతే. మూడో వారం ఉత్తరం విప్పలేదు. పిల్ల ఏడుస్తోంది కదా, కొన్నాళ్ళు ఆగుదాం అనుకున్నాను. అక్కడిదాకా నేను మంచిదాన్నే.

కొన్నాళ్ళు ఆగాను. అది ఏడవడం మానేసింది. అమ్మ ఏది అని అడగడం కూడా మానేసింది. అప్పుడు చదవొచ్చు. చదవలేదు. ఎందుకు చదవలేదంటే, ఒక పొద్దున అది నిద్ర లేచి నన్నే అమ్మా అంది. నేను పెద్దమ్మని అని సరిదిద్దలేదు. నీ ఉత్తరం చదివితే ఆ పిలుపు పోతుంది. అంతే చెల్లీ, ఇంకో కారణమేమీ లేదు. నువ్వు తీసుకెళ్ళడానికి వస్తున్నావని తెలిశాక, చివరి రెండు నెలల్లో, పెద్దమ్మా అనడం నేర్పాను. అది నీ దగ్గరికి వచ్చి నిన్ను ఆంటీ అందంటే, తలుపు దగ్గర పడుకుందంటే, ఆ పద్నాలుగు నెలలూ నేను చేసినవే. నీ డిసెంబరు ఉత్తరం చదివినప్పుడే ఇది రాయాల్సింది. ఇరవై నాలుగో చీటీ తప్పు ఒప్పేసుకుంటే సరిపోతుందిలే అని జనవరిలో దాని చాటున తప్పించుకున్నాను.

బొత్తాల రాణి కథ దానికి తెలీదు. నాకు తెలుసు. అది బడికి పోయాక ఒక్కదాన్నే కూర్చుని చదివేదాన్ని. అది నవ్విందని నేను రాసిన చోటల్లా నవ్వింది నేనే. ఎర్ర బొత్తం యుద్ధానికి వెళ్ళి, దారం తెగి, డ్రెయిన్లో పడిపోయిన వారం ఏడ్చాను కూడా. అది ఏడ్చిందని నీకు రాశాను.

రెండువందల ముప్ఫై ఒక్క ఉత్తరాలు. ఒక్కటీ పారెయ్యలేదు. తారీఖుల వారీగా ఉన్నాయి. కుట్టి, మంచి కాలికో గుడ్డ వేసి పుస్తకం చేద్దామని చాలాసార్లు అనుకున్నాను. చేస్తే నేను చేసిన పనికి అట్ట వేసి అందంగా చూపించినట్టుంటుందని మానేశాను. అలాగే, విడి కాగితాలుగానే పంపుతున్నాను.

నువ్వు ఇరవై మూడు చీటీలు మూడు నెలలు దాచావు. దానికి నీకు కుళాయి చప్పుడు కావాల్సి వచ్చింది. నేను ఇన్ని ఉత్తరాలు ఇన్నేళ్ళు దాచి, నువ్వు దాన్ని తీసుకెళ్ళడానికి వచ్చిన రోజు నీ ఎదురుగా కూర్చుని కాఫీ తాగాను.

దానికి చెప్పు. నేను ఎలాంటిదాన్నో చెప్పు. నువ్వు చెప్పకూడదని నేను అడగను.

అక్క


ఆసుపత్రి క్వార్టర్లు, రెండో అంతస్తు
మే 5

అక్కకి,

కట్ట అందింది. నెలరోజులు మంచం కిందే ఉంచాను. విప్పుదామంటే ఒక రోజు భయం, ఒక రోజు కోపం. పోయిన ఆదివారం విప్పాను.

పాప చూసింది. "ఎవరివమ్మా ఇన్ని ఉత్తరాలు?" అంది. "నీవే. నేను రాశాను, నువ్వు చిన్నప్పుడు" అన్నాను. "మరి ఇప్పుడొచ్చాయేం?"

నువ్వు చెప్పమన్నావు. నోటిదాకా వచ్చింది. ఇంత కోపం నాకు ఈ జన్మలో ఎవరిమీదా రాలేదు, ఆయన నన్ను వదిలి పోయినప్పుడు ఆ దేవుడిమీద కూడా ఇంత రాలేదు. "పోస్టులో ఎక్కడో ఉండిపోయాయి" అన్నాను. ఇన్నాళ్ళా అంది. ఒక్కోసారి అంతే అన్నాను. నమ్మింది.

నీమీద జాలితో అబద్ధమాడానని అనుకోకు. దానికి ఈ లోకంలో ఉన్నది ఇద్దరమే. ఒకరిని ఇప్పటికే మర్చిపోయింది. ఉన్న ఆ కాస్త జిగురు వాసన కూడా నా నోటితో చెడగొట్టడం ఇష్టంలేకపోయింది.

ఇప్పుడు ఒక్కోటీ చదువుకుంటోంది. దానంతట అదే, కిటికీలో కూర్చుని. ఎర్ర బొత్తం దాకా వచ్చింది. నవ్విందక్కా. ఈసారి నేను చూశాను. కానీ తొమ్మిదేళ్ళ పిల్ల నవ్వే నవ్వు అది. మూడేళ్ళ పిల్ల కోసం రాశానని దానికి తెలిసి, నా ముఖం చూసి, నేను నొచ్చుకోకూడదని కాస్త ఎక్కువే నవ్వింది. ఈ కథకి మూడేళ్ళప్పటి నవ్వు ఎలా ఉండేదో నాకు తెలీదు. నీకూ తెలీదు. ఆ నవ్వు ఎవరూ వినలేదు.

దాని చిన్నప్పటి సంగతులు రాయి. కావాలి. నిన్ను చూడాలని మాత్రం నాకు లేదు. వచ్చే డిసెంబరుకి రాకు. ఆ పైఏడు సంగతి ఇప్పుడు నేను చెప్పలేను.

అది నీకు ఉత్తరం రాస్తానంటోంది, అంటించి నేనే పోస్టులో వేస్తాను. నువ్వు దానికి జవాబు రాయి. కవరుమీద దాని పేరే వెయ్యి, నా పేరు వద్దు. నేను ముందుగా విప్పను. నేనేమీ చదివి వినిపించను కూడా. దానికి చదవడం వచ్చు.

చెల్లి